ఏ జంతువు ఎక్కడ, ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

జూ చూసొచ్చిన పిల్లలు, గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు, కెమెరా భుజాన వేసుకుని చెరువుగట్ల వెంట తిరిగేవాళ్లు, అందరూ అడిగేది ఇంచుమించు ఇవే ప్రశ్నలు. కంగారూ ఆస్ట్రేలియాలోనే ఎందుకుంది? పులి ఆఫ్రికాలో ఎందుకు లేదు? "అక్కడి వాతావరణం అలాంటిది" అన్న జవాబు చాలాచోట్ల కనిపిస్తుంది. అది సగం జవాబే. ఒక జంతువు ఒకచోట ఉండాలంటే అక్కడ బతకగలగాలి, దానికంటే ముందు అక్కడికి చేరగలగాలి. ఆ రెండో సగం వదలకుండా ఈ జవాబులు రాశాం. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టండి.

## పటం ముందు పెట్టుకున్నప్పుడు

జంతువుల్ని బట్టి ప్రపంచాన్ని ఎన్ని మండలాలు చేశారు? ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క ఉందేంటి?

పరీక్షలకు ఆరు గుర్తుపెట్టుకోండి. 1858లో ఫిలిప్ స్క్లేటర్ పక్షుల్ని ఆధారం చేసుకుని ప్రపంచాన్ని ఆరు భాగాలు చేశాడు. 1876లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ మిగతా జంతువుల్ని కూడా లెక్కలోకి తీసుకుని ఆ పటాన్ని స్థిరపరిచాడు. ఆ ఆరూ ఇవి: పేలియార్కిటిక్ (యూరప్, ఉత్తర ఆఫ్రికా, హిమాలయాలకు ఉత్తరాన ఉన్న ఆసియా), నియార్కిటిక్ (ఉత్తర అమెరికా), నియోట్రాపికల్ (మధ్య, దక్షిణ అమెరికా), ఇథియోపియన్ (సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా), ఓరియంటల్ (మన దేశం, ఆగ్నేయాసియా), ఆస్ట్రేలియన్. కొత్త పుస్తకాల్లో ఇథియోపియన్‌ను ఆఫ్రోట్రాపికల్ అనీ, ఓరియంటల్‌ను ఇండోమలయన్ అనీ రాస్తున్నారు. పేరు మారింది, చోటు దాదాపు అదే.

2013లో 21,037 రకాల ఉభయచరాలు, పక్షులు, క్షీరదాల వివరాలతో ఈ పటాన్ని మళ్లీ గీశారు. అందులో 11 పెద్ద మండలాలు, వాటిలో 20 ప్రాంతాలు వచ్చాయి. ఏ జంతువు ఎక్కడుందన్నదే కాకుండా ఏది దేనికి ఎంత దగ్గరి చుట్టమో కూడా లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఖండమూ జంతు మండలమూ ఒకటే కదా?

కాదు. జంతువులకు దేశాల, ఖండాల హద్దులు తెలియవు. వాటిని ఆపేవి సముద్రం, ఎడారి, మంచుకొండ. సహారా అడ్డుపడటంతో మొరాకో జంతువులకు కాంగో కంటే స్పెయిన్‌తోనే పోలికలెక్కువ. హిమాలయాల్లో ఒకే లోయలో కింద ఓరియంటల్ మండలపు అడవి కోతులు, హార్న్‌బిల్‌లు ఉంటాయి. పైకి ఎక్కితే మంచు చిరుత, అడవి గొర్రెలు తగులుతాయి, అవి పేలియార్కిటిక్‌వి. హద్దు గీతలా సన్నగా ఉండదు, రెండు వైపులవీ కలిసే పట్టీలా ఉంటుంది. పటంలో గీత చూసి అక్కడ జంతువులు టక్కున మారిపోతాయని అనుకోవడమే విద్యార్థులు ఎక్కువగా చేసే పొరపాటు.

వాతావరణం ఒకటే అయితే జంతువులూ ఒకటే ఉండాలి కదా?

అమెజాన్‌ను, కాంగోను పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ భూమధ్యరేఖ మీదున్న వాన అడవులే. అమెజాన్‌లో కొమ్మలకు వేలాడుతూ మెల్లగా కదిలే స్లాత్‌లు, టూకాన్ పక్షులు, తోకతో కొమ్మను పట్టుకుని వేలాడే కోతులు. కాంగోలో గొరిల్లా, జిరాఫీ చుట్టమైన ఒకాపి, హార్న్‌బిల్‌లు.

టూకాన్, హార్న్‌బిల్ రెండింటికీ పొడవాటి పెద్ద ముక్కే, రెండూ పళ్లు తినేవే. చూస్తే అన్నదమ్ములనుకుంటాం. టూకాన్ మన వడ్రంగిపిట్టకు, కంసాలిపిట్టకు బంధువు. హార్న్‌బిల్ కూకుడుగువ్వకు బంధువు. చిటారు కొమ్మనున్న పండును అందుకోవాల్సిన అవసరం ఒకటే కాబట్టి ముక్కులు ఒకేలా తయారయ్యాయి. వాతావరణం జంతువు ఆకారాన్ని మలుస్తుంది, ఏ వంశం అక్కడ ఉంటుందన్నది మాత్రం ఆ నేల చరిత్రను బట్టి ఉంటుంది.

వేడి ప్రాంతాల్లోనే ఇన్ని రకాలెందుకు?

ఏడాది పొడవునా ఎండ, తిండి ఉండటం ఒక కారణం. మంచుయుగాల్లో ఉత్తరాన నేల మంచు కింద పడిపోయి జీవం మళ్లీ మళ్లీ మొదలుపెట్టాల్సి రావడం, ఉష్ణమండలంలో ఆ అంతరాయం అంతగా లేకపోవడం రెండోది. ఒక్క కొలంబియాలోనే 1,900కు పైగా పక్షి రకాలున్నాయి. అంటార్కిటికాలో పూర్తిగా నేల మీదే బతికే జంతువుల్లో అతి పెద్దది ఏమిటో తెలుసా? రెక్కల్లేని ఒక చిన్న ఈగ, అర సెంటీమీటరుకు అటూఇటూ ఉంటుంది. పెంగ్విన్‌లు, సీల్‌లు ఆ లెక్కలోకి రావు, వాటి తిండి అంతా సముద్రంలోదే.

## ఖండాల వారీగా వచ్చే సందేహాలు

కంగారూలు ఆస్ట్రేలియాలోనే ఎందుకున్నాయి?

దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా ఒకప్పుడు అతుక్కుని ఉండేవి. అప్పట్లో అంటార్కిటికా మీద అడవులుండేవి. పిల్లను సంచిలో పెంచే జంతువుల పూర్వీకులు ఆ దారినే ఆస్ట్రేలియా చేరాయి. తర్వాత ఆస్ట్రేలియా విడిపోయి ఉత్తరానికి జరిగింది. పిల్లులు, జింకలు, కోతుల వంటి జంతువులు అక్కడికి చేరేలోపే దారి మూసుకుపోయింది. ఎగిరొచ్చిన గబ్బిలాలు, దీవి నుంచి దీవికి దాటొచ్చిన ఎలుకలు మాత్రమే సొంతంగా చేరగలిగాయి. డింగో కుక్కను వేల ఏళ్ల కిందట మనుషులే తీసుకెళ్లారు.

ఇక్కడ రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి. సంచి జంతువులు ఆస్ట్రేలియాలోనే ఉంటాయనడం ఒకటి: అమెరికా ఖండాల్లో ఒపోసమ్‌లు వందకు పైగా రకాలున్నాయి. కంగారూలు ఆస్ట్రేలియా దాటి లేవనడం రెండోది: పక్కనున్న న్యూగినీలో చెట్లెక్కే కంగారూలున్నాయి.

బాలి, లాంబాక్ దీవుల మధ్య గీత ఉందంటారు, అదేమిటి?

ఇండోనేషియాలో ఈ రెండు దీవుల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లే. 1856లో వాలెస్ బాలి నుంచి లాంబాక్‌కు దాటినప్పుడు పక్షులే మారిపోయాయి. బాలిలో కంసాలిపిట్ట జాతివి, ఆసియా పక్షులు. లాంబాక్‌లో తెల్లటి కాకాటూ చిలుకలు, ఎండుటాకులు, మట్టి పోగేసి గుడ్లను అందులో పొదగబెట్టే మెగాపోడ్‌లు, ఆస్ట్రేలియా వైపువి. బాలిలో ఇరవయ్యో శతాబ్దం దాకా పులులుండేవి, లాంబాక్‌లో ఎన్నడూ లేవు.

కారణం నీటి లోతు. మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు పడిపోయింది. జావా, బాలి మధ్య నీళ్లు లోతు తక్కువ కాబట్టి నేల బయటపడి పులి నడిచి వెళ్లింది. బాలి, లాంబాక్ మధ్య లోతు 120 మీటర్ల కంటే బాగా ఎక్కువ, అక్కడ సముద్రం ఎప్పుడూ ఎండలేదు. దూరాన్ని చూసి అంచనా వేస్తే తప్పుతాం, లోతు చూడాలి. ఈ హద్దునే వాలెస్ రేఖ అంటారు.

పెంగ్విన్‌లు, ధ్రువపు ఎలుగుబంట్లు ఎదురుపడవా?

పడవు. పెంగ్విన్‌లు దక్షిణార్ధగోళానివి, తెల్ల ఎలుగు ఉత్తర ధ్రువానిది. మధ్యలో ఉన్న వెచ్చటి సముద్రాన్ని పెంగ్విన్ దాటలేదు. గలపాగోస్ పెంగ్విన్ మాత్రం భూమధ్యరేఖ దగ్గర బతుకుతుంది, అక్కడికి చల్లటి సముద్ర ప్రవాహాలు వస్తాయి కాబట్టి.

మడగాస్కర్‌లో సింహాలు, జిరాఫీలు ఉంటాయా?

ఉండవు. ఆఫ్రికాకు పక్కనే, సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్నా అక్కడ సింహం, ఏనుగు, జిరాఫీ, కోతి ఏవీ సహజంగా లేవు. ఆ దీవి ఆఫ్రికా నుంచి విడిపోయి 16 కోట్ల ఏళ్లయింది, అప్పటికి ఈ జంతువులేవీ పుట్టనే లేదు. కొట్టుకొచ్చిన చెట్ల దుంగల మీద ఏవో కొన్ని చిన్న జంతువులు మాత్రం చేరాయి. అలా చేరిన ఒక వంశమే కోతుల దూరపు చుట్టాలైన లీమర్‌లుగా విస్తరించి వందకు పైగా రకాలైంది. ప్రపంచంలోని ఊసరవెల్లి రకాల్లో దాదాపు సగం ఇక్కడే ఉన్నాయి. పిల్లిలా కనిపించే ఫోసా అక్కడి పెద్ద వేటజంతువు. అది ముంగిసకు దగ్గరి బంధువు.

ఒంటె, లామా చుట్టాలంటారు. ఒకటి ఆసియాలో, ఇంకొకటి దక్షిణ అమెరికాలో ఎలా పడ్డాయి?

పుట్టిల్లు ఉత్తర అమెరికా. ఆ వంశంలో కొన్ని, అలాస్కాకూ సైబీరియాకూ మధ్య ఒకప్పుడున్న బేరింగ్ నేల వారధి మీదుగా ఆసియాకు వచ్చి ఒంటెలయ్యాయి. సుమారు 30 లక్షల ఏళ్ల కిందట పనామా దగ్గర రెండు అమెరికాలు కలిసినప్పుడు మరికొన్ని దక్షిణానికి వెళ్లి లామా, వికూన్యాలయ్యాయి. పుట్టింట్లో మాత్రం అంతరించిపోయాయి. గుర్రం కథ కూడా ఇంతే: అది పుట్టింది ఉత్తర అమెరికాలో, అక్కడ అంతరించింది, మళ్లీ స్పెయిన్ ఓడల్లో తిరిగొచ్చింది.

దీవుల్లో ఎగరలేని పక్షులు ఎక్కువెందుకు?

తరిమే జంతువు లేనిచోట ఎగరడం వృథా ఖర్చు. న్యూజీలాండ్‌లో గబ్బిలాలు తప్ప నేల మీది క్షీరదాలు సహజంగా లేవు, అందుకే కివి, కాకాపో చిలుక నేలకే అలవాటుపడ్డాయి. మారిషస్ డోడో కూడా అంతే. ఓడల్లో ఎలుకలు, పందులు దిగి నేల మీదున్న గుడ్లు తినేస్తే వాటికి తప్పించుకునే దారి లేకపోయింది. డోడోకు ఇవాళ బతికున్న అతి దగ్గరి చుట్టం మన నికోబార్ పావురమే.

## మన దేశం, మన కొండలు

పులి ఆఫ్రికాలో ఎందుకు లేదు? సింహం మనకెలా వచ్చింది?

పులి వంశం ఆసియాలో పెరిగింది. దానికి దాక్కోవడానికి పొద, దగ్గర్లో నీరు కావాలి. పశ్చిమాన కాస్పియన్ సముద్రం ఒడ్డు, తూర్పు టర్కీ దాకా రెల్లు, నది గట్ల వెంట వెళ్లగలిగింది. ఆపైన ఎడారి దాన్ని ఆపేసింది. సింహానికి బయలు ప్రదేశం చాలు. ఆఫ్రికా నుంచి ఇరాన్, ఇరాక్ మీదుగా మన ఉత్తర భారతం దాకా పరుచుకుంది. మధ్యలో ఉన్నవన్నీ వేటలో పోయాయి, ఆసియాలో గుజరాత్ గిర్ ప్రాంతంలోనే మిగిలింది. 2025 లెక్కలో అవి 891. చీతా మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022 సెప్టెంబర్ 17న మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ ఉద్యానంలో వదిలినవి నమీబియా చీతాలు. మనదగ్గర ఉండేది ఆసియా చీతా, అది ఇప్పుడు ఇరాన్‌లో మాత్రమే కొద్దిగా ఉంది.

ఖడ్గమృగాలు, నిప్పుకోళ్లు తెలుగు నేల మీద తిరిగాయంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు తవ్వకాలు చేశారు. బయటపడ్డ ఎముకల్లో ఖడ్గమృగానివి ఉన్నాయి. వాటిని పరిశీలించిన శాస్త్రవేత్త లిడెక్కర్ 1886లో ఆ జంతువుకు మన కర్నూలు మీదుగానే "రైనోసెరస్ కర్నూలియెన్సిస్" అని పేరు పెట్టాడు. నిప్పుకోడి గుడ్ల పెంకులు మహారాష్ట్రలోని పట్నేతో పాటు దేశంలో చాలాచోట్ల దొరికాయి. ఈ రోజు ఒక జంతువు లేనంత మాత్రాన ఆ నేల దానికి పనికిరాదని అనుకోకూడదు.

మన దేశం ఆఫ్రికా వైపు నుంచి జరిగొచ్చిందంటే ఆ గుర్తులు మన జంతువుల్లో ఉండాలి కదా?

ఉన్నాయి, కానీ తక్కువ. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన నేల ఆసియాను ఢీకొన్నాక అటువైపు జంతువులు పెద్ద ఎత్తున వచ్చాయి. మనం రోజూ చూసే క్షీరదాల్లో ఎక్కువ భాగం వాటి సంతతే.

పాత కాలపు సాక్షి కావాలంటే పశ్చిమ కనుమల ఊదారంగు కప్పను చూడాలి. 2003లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఉబ్బిన ఒళ్లు, పంది మూతిలా మొనదేలిన ముక్కు, పొట్టి కాళ్లు. ఏడాదంతా మట్టి కిందే ఉండి చెదలు తింటుంది, తొలకరికి కొద్ది రోజులు మాత్రమే పైకొచ్చి జతకడుతుంది. దీని తోకకప్పలు వాగులో కొట్టుకుపోకుండా నోటితో బండకు అంటుకుంటాయి. దీని కుటుంబానికి దగ్గరి చుట్టాలు మన దేశంలో ఎక్కడా లేవు, హిందూ మహాసముద్రం మధ్యనున్న సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. ఆ దీవులు, మనం ఒకప్పుడు ఒకే నేల. నడిసముద్రం దాటే శక్తి కప్పకు లేదు కాబట్టి నేలే జరిగిందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం దొరకదు.

బంగారు బల్లి తిరుమలలో తప్ప ఎక్కడా ఉండదా?

తిరుమల కొండల్లో ఉన్నమాట నిజం, అక్కడే ఉందన్నది తప్పు. తూర్పు కనుమల్లో ఇంకా చాలాచోట్ల దొరికింది. నీడపట్టున, తేమగా ఉండే బండ చీలికల్లో, గుహల్లో ఉంటుంది. రాత్రి తిరుగుతుంది, అరుపు గట్టిగా వినిపిస్తుంది. పగలు టార్చి వేసి వెతికేవాళ్లకు చాలాసార్లు ముందు కనిపించేవి దాని గుడ్లే: తెల్లగా, గట్టిగా, బండకు గుంపుగా అతికించి ఉంటాయి. ఒకే చోట చాలా బల్లులు గుడ్లు పెట్టడం వల్ల పాత పెంకుల మచ్చల పక్కనే కొత్తవి ఉంటాయి. ఇంకో పొరపాటు రంగు విషయంలో. అన్నీ, అన్నివేళలా పచ్చగా మెరవవు, గోధుమ రంగులోనూ ఉంటాయి. రంగు చూసి "ఇది కాదు" అని కొట్టిపారేయకండి.

ఈ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే రకాలున్నాయి. ఒకటి ఇది, రెండోది శ్రీలంకలో. పాక్ జలసంధి లోతు తక్కువ, సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా మనకూ శ్రీలంకకూ మధ్య నేల తేలింది. తిరుమల బండ మీది బల్లి ఆ దారికి మిగిలిన ఆనవాలు.

కలివికోడి అంత అరుదెందుకైంది?

1900 తర్వాత కనిపించక అంతరించిందనుకున్న పక్షి ఇది. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, దానికోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. దానికి కావాల్సిన చోటు చాలా ప్రత్యేకం: అడ్డదిడ్డంగా ముళ్లపొదలు, వాటి మధ్య బోడి నేల. పొద మరీ చిక్కబడితే పరుగెత్తలేదు, పూర్తిగా నరికితే దాక్కోలేదు. అలాంటి నేలను మనం "బంజరు" అని పిలిచి తోటలు వేస్తాం, లేదా మంచి పనే అనుకుని చెట్లు నాటుతాం. రెండూ దానికి దెబ్బే.

రాత్రి తిరిగే పక్షి కాబట్టి వెంటాడి చూడాలనుకోవడం వృథా. పరిశోధకులు పొదల మధ్య నేల మీద మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దానిమీద పడ్డ అడుగుజాడలు చదివేవారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టేవారు.

గిరినాగు రాయలసీమలో కనిపించిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

చాలావరకు అవి జెర్రిపోతులే. గిరినాగుకు తేమ ఉన్న అడవి కావాలి, ఆంధ్రాలో అది ప్రధానంగా ఉత్తరాంధ్ర ఏజెన్సీ వైపు పాము. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము అదొక్కటే. ఏదైనా సరే, గుర్తుపట్టడానికి దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచి ఫొటో తీసి అటవీశాఖకు చెప్పండి.

## బయటి నుంచి వచ్చినవి ఎదురైనప్పుడు

అక్వేరియం తాబేలు పెద్దదైపోయింది. చెరువులో వదిలేయొచ్చా?

వద్దు. కంటి వెనక ఎర్ర పట్టీ ఉంటే అది ఉత్తర అమెరికా రెడ్ ఇయర్డ్ స్లైడర్. కొన్నప్పుడు అరచేతిలో ఇమిడేది పళ్లెమంత అవుతుంది, దశాబ్దాలు బతుకుతుంది. చెరువులో మన తాబేళ్ల తిండిని, ఎండ కాగే గట్టును ఆక్రమిస్తుంది, రోగాలు అంటిస్తుంది. పెద్ద తొట్టి ఏర్పాటు చేసుకుని ఉంచుకోండి, లేదా జంతు సంరక్షణ కేంద్రానికి అప్పగించండి. అక్వేరియం గాజుకు అంటుకునే సక్కర్ చేప విషయంలోనూ ఇంతే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప మన చెరువుల్లో, కాలువల్లో పెరిగిపోయి మత్స్యకారుల వలలు చింపుతోంది.

ఆఫ్రికా నత్తలు తోటంతా తినేస్తున్నాయి. ఏం చేయాలి?

తూర్పు ఆఫ్రికా నత్తను 1847లో కలకత్తా తెచ్చారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక విడతలోనే వందకు పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి ఒకరోజు ఏరి వదిలేస్తే లాభం లేదు.

సాయంత్రం తడిపిన గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు పెట్టండి. తెల్లారేసరికి నత్తలు అక్కడ చేరతాయి. చేతికి తొడుగు తప్పనిసరి, వీటిలో మనిషి మెదడుకు హాని చేసే పురుగు ఉండొచ్చు. ఏరినవాటిని చిక్కటి ఉప్పునీళ్ల బకెట్‌లో వేసి, చచ్చాక లోతుగా పాతిపెట్టండి. ఉప్పును నేరుగా మడిలో చల్లకండి, నత్తతో పాటు మొక్కా పోతుంది. వానాకాలం పొడవునా, చుట్టుపక్కల రైతులంతా కలిసి చేస్తేనే తగ్గుతాయి.

## మీరే చూసి రాసుకోవాలనుకుంటే

మా ఊళ్లో ఏ జంతువులున్నాయో జాబితా ఎలా మొదలుపెట్టాలి?

ఒకే చోటు ఎంచుకోండి: చెరువుగట్టు, బడి ఆవరణ, పొలం దారి. వారానికి ఒకసారి, అదే వేళకు, అరగంట. తేదీ, మొదలుపెట్టిన సమయం, ఎంతసేపు, ఎంత దూరం నడిచారు, ఏం ఎన్ని కనిపించాయి, ఇవి చాలు. పక్షులైతే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో, మిగతావి ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. అరుదైనవి మాత్రమే రాసి కాకిని, గోరింకను వదిలేయడం అందరూ చేసే తప్పు. పదేళ్ల తర్వాత ఏది తగ్గిందో చెప్పేది ఆ మామూలు పక్షుల లెక్కే.

ఫొటో పెట్టినా ఎవరూ గుర్తుపట్టట్లేదు. తప్పెక్కడ?

ఒకే కోణం నుంచి తీయడం. కప్పకు వీపు, పక్క, కాలివేళ్లు మూడూ కనిపించాలి, అరుపు రికార్డు చేస్తే ఇంకా మేలు. సీతాకోకచిలుకకు రెక్క అడుగుభాగం ముఖ్యం. సాలీడుకు కళ్ల వరస. ఇంటికొచ్చాక అప్‌లోడ్ చేసేటప్పుడు చోటు మీ ఇంటి చిరునామాగా పడిపోతుంది, సరిచేయండి. జూలో, పెంపకంలో ఉన్నవాటిని "అడవిది కాదు" అని గుర్తుపెట్టకపోతే హైదరాబాద్‌లో జీబ్రా ఉన్నట్టు పటంలో చుక్క పడుతుంది.

తెలుగు పేరుతో రాస్తే చాలదా?

తెలుగు పేరు తప్పకుండా రాయండి, పక్కన శాస్త్రీయ నామం కూడా రాయండి. నక్క వేరు, గుంటనక్క వేరు, కానీ చాలా ఊళ్లలో రెండింటినీ కలిపే పిలుస్తారు. కొండగొర్రె అంటే ఒకచోట ఒక జంతువు, ఇంకోచోట మరొకటి. రాజహంస అని మనం పులికాట్‌లో పిలిచేది ఫ్లెమింగోను, కావ్యాల్లో హంస అది కాదు. ఏ ఊళ్లో ఏ పేరు విన్నారో కూడా రాసిపెట్టండి, పోతున్న పేర్లవి.

వలస పక్షుల కోసం ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

అక్టోబర్ నుంచి మార్చి దాకా. నేలపట్టులో నీళ్లలో మునిగి ఉండే కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు. హైదరాబాద్‌వాళ్లకు అమీన్‌పూర్ చెరువు దగ్గర. 8×42 బైనాక్యులర్ చాలు, అంతకంటే ఎక్కువ పెద్దదిచేసి చూపేది చేతి వణుకునూ పెద్దది చేస్తుంది. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. గూళ్లున్న చెట్టు దగ్గరికి వెళ్తే తల్లి లేచిపోతుంది, ఎండకు గుడ్లు, పిల్లలు మాడతాయి, కాకులు ఎత్తుకుపోతాయి.

అరుదైన జంతువు కనిపించింది. ఎక్కడో అందరికీ చెప్పొచ్చా?

అలుగు, దేవాంగపిల్లి, నక్షత్ర తాబేలు, గుడ్లగూబ అయితే చెప్పకండి. వీటికి దొంగ బేరాలున్నాయి, వాటిని పట్టేవాళ్లూ మీ పోస్టులు చూస్తారు. ఐనాచురలిస్ట్‌లో చోటును మసకబరిచే వీలుంది, అది వాడండి. ఫోన్‌తో తీసిన ఫొటోలోనే జీపీఎస్ వివరం దాగి ఉంటుంది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అదీ వెళ్తుంది. ముందు దాన్ని తీసేసి పంపండి. జిల్లా పేరు, నెల చెబితే చదివేవాళ్లకు చాలు. కచ్చితమైన చోటు అటవీ అధికారికి మాత్రం ఇవ్వండి.